చిన్న కంపెనీకి ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతాదో తేల్చుకునేది ఎట్టా? నెల్లూరు, ప్రకాశం వ్యాపారస్తులు చెప్పండి

పైపులక్క
మాది నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర వ్యవసాయ పైపులు, డ్రిప్పు, స్ప్రింక్లర్లు, మోటారు స్పేర్ల హోల్‌సేలు. నాన్న పెట్టిన వ్యాపారం, ఇప్పుడు లెక్కలు నేను చూస్తుండా. ఆత్మకూరు, వింజమూరు, ఉదయగిరి, పొదలకూరు వైపు చిన్న షాపులకు సరుకు పోతాది. ఇద్దరు ఆర్డర్ల కోసం లైను మీద తిరుగుతారు, గోడౌనులో ముగ్గురు, ఒక గుమాస్తా.

బిల్లింగుకు 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఒకతను చేసిచ్చిన ప్రోగ్రామే ఇప్పటికీ వాడతా ఉండాం. అతను ఊరు మారిపోయాడు, ఫోన్ ఎత్తడు. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినాయి గదా, డ్రిప్పు, స్ప్రింక్లర్లు 12 నుంచి 5కి వచ్చినాయి, పైపులు 18లోనే ఉండాయి. మా ప్రోగ్రాంలో పన్ను రేటుకు తేదీ అనేదే లేదు. ఐటమ్‌లో 5 అని మారిస్తే ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింటు తీసినా 5 శాతమే పడతాది. గుమాస్తా ఒకే సరుకుకు పాతది, కొత్తది అని రెండు పేర్లు పెట్టి నెట్టుకొస్తుండాడు.

మంచి సాఫ్ట్‌వేర్ వెతుకుదామని ఒక పోల్చి చూపించే సైట్లో ఫారం నింపినా. అప్పటి నుంచి ఫోన్లు ఆగట్లేదు. డెమో అంటే గంటసేపు గ్రాఫులు తిప్పి చూపిస్తారు. అందరిదీ ఒకే మాదిరి ఉండాది. అందరూ అన్నీ చేస్తాం అంటారు, ధర మాత్రం చివర్లో చెప్తారు, అది కూడా ఈ రోజు వరకే ఆఫర్ అని. మీరంతా ఎట్టా ఎంచుకున్నారు? ఎవరిని అడిగారు? పేర్లు కాదు నాక్కావాల్సింది, తేల్చుకునే పద్ధతి.

టాలీ_మామ
టాలీ తీసుకో తల్లీ. నెల్లూరులో ఏ కామర్సు పిల్లోడిని పిలిచినా నడుపుతాడు. గుమాస్తా మానేసినా రేపు ఇంకొకడు దొరుకుతాడు. అంతకు మించి ఆలోచించబాక.

కందుకూరు_కోడర్
మామా, ఆమె పేర్లు వద్దంది, మొదటి పోస్టులోనే పేరు చెప్పేశావు 😀

అక్కా, సాఫ్ట్‌వేర్ సంగతి వారం పక్కన పెట్టండి. కౌంటరు మీద ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టండి. షాపులో ఎవరైనా సరే "ఆగు, చూసి చెప్తా" అన్న ప్రతిసారీ ఏం చూడాల్సి వచ్చిందో ఒక లైను రాయమనండి. పార్టీ బాకీయా, స్టాకా, పాత బిల్లా, కొన్న ధరా, లారీ ఎక్కడుందా, ఏదైనా సరే. రెండోది, ఒకే అంకెను రెండు చోట్ల రాస్తున్నవి ఏమేం ఉన్నాయో కూడా రాయండి. లైను మనిషి చిట్టీలో రాసుకొచ్చిన ఆర్డరును గుమాస్తా మళ్లీ కంప్యూటర్లో కొడతాడు గదా, అట్టాంటివి.

మీరు కొనాల్సింది ఆ పుస్తకంలో ఎక్కువసార్లు పడిన లైనుకు మందు. డెమోలో గ్రాఫు ఎంత అందంగా ఉన్నా ఆ లైనుకు జవాబు లేకపోతే మీకు పనికిరాదు. నేను చేసేది ఇదే పని, కందుకూరు, సింగరాయకొండ, కావలి వైపు చిన్న షాపులకు ప్రోగ్రాములు పెట్టిస్తుంటా. చాలామంది అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కావాలని వస్తారు. పుస్తకం రాయిస్తే వాళ్ల అకౌంట్స్ బాగానే ఉంటాయి, గోడౌనులో ఏముందో తెలియకపోవడమే అసలు బాధ అని తేలతాది.

గుంటగట్టు
కోడర్ చెప్పింది నూటికి నూరు నిజం. మాది ఇందుకూరుపేట మండలం, రొయ్యల మేత డీలరు. మా దగ్గర బాకీ పార్టీ పేరు మీద ఉండదు, రొయ్యల గుంట మీద ఉంటాది. ఒకే రైతుకు నాలుగు గుంటలు, రెండు సొంతం, రెండు కౌలు, ఒకదాంట్లో బావమరిది భాగం. మేత మూడు నాలుగు నెలలు అప్పు మీద పోతాది, పట్టుబడి అయినాకే డబ్బు. ఏ గుంటకు ఎన్ని బస్తాలు పోయినాయి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతకు వచ్చింది, ఎన్ని టన్నులు పడింది, ఈ మూడూ ఒకచోట కనపడితేనే నేను ఇంకో లోడు ఇవ్వాలో వద్దో చెప్పగలను.

మామూలు బిల్లింగ్ యాప్‌లో పార్టీ ఉంటాది, బిల్లు ఉంటాది, గుంట ఉండదు. గుంటకొక పార్టీ పేరు పెట్టుకోమని సలహా ఇచ్చారు. అప్పుడు జీఎస్టీ నంబరు ఉన్నోళ్లకు లెక్క చెదిరిపోతాది, ఒకే రైతు నాలుగు పేర్లతో ఉంటాడు, మొత్తం బాకీ ఎంతో తెలియదు. టాలీలో లెక్కను విడివిడిగా చూపించే కాస్ట్ సెంటర్ అని ఉంటాది, దానికి గుంట పేరు పెట్టి నడుపుతుండాం. మా గుమాస్తాకు ఎవరూ చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు.

టాలీ_మామ
చూశారా.

చీమకుర్తి_స్లాబు
గుంటగట్టు అన్నది మా గ్రానైట్‌కు ఇంకా ఎక్కువ. బ్లాకు క్యూబిక్ మీటర్లలో కొంటాం. కోసినాక వచ్చేది పలకలు, అవి అమ్మేది చదరపు అడుగుల్లో. ఒక్కో పలక కొలత వేరు, అంచు విరిగిందానికి కొలతలో తగ్గించి రాస్తాం. ఏ పలక ఏ బ్లాకుదో తెలియకపోతే అమ్మలేం, ఎందుకంటే గెలాక్సీ రకం గ్రానైట్లో చుక్క బ్లాకు బ్లాకుకూ మారతాది. ఒక ఇంటికి పోయే సరుకంతా ఒకే బ్లాకుదై ఉండాల.

రెడీమేడ్‌వి చాలా చూశాం. "యూనిట్ దగ్గర చదరపు అడుగు అని పెట్టుకోండి సార్" అంటారు. సరే, నలభై పలకలుంటే నలభై కొలతలు ఎక్కడ కొట్టాల అంటే జవాబు రాదు. చివరికి ఒంగోలులో ఒక కుర్రాడి చేత మాకు తగ్గట్టు చేయించుకున్నాం. యార్డులో ఫోన్ పట్టుకొని పొడుగు, ఎత్తు కొడితే లాటు, అడుగులు, ప్యాకింగ్ లిస్టు వచ్చేస్తాయి. లెక్కలు మాత్రం టాలీలోనే. అందరూ సొంతంగా చేయించుకోవడం మంచిది అని నా అభిప్రాయం.

కందుకూరు_కోడర్
మీకు సరే అన్నా, మీ పని లోకంలో ఎక్కడా రెడీమేడ్‌గా లేదు కాబట్టి. పైపులక్కకు అట్టా చెప్పబాకండి, ఆమె బాధే సొంతంగా చేయించుకున్నదాంతో వచ్చింది. చేసిన మనిషి ఊరు మారితే ఏమైతాదో మొదటి పోస్టులో ఉంది.

చేయించుకునేవాళ్లు ఎవరైనా మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. సోర్స్ కోడు (ప్రోగ్రాం రాసిన అసలు ఫైళ్లు) కాపీ మీ చేతిలో ఉండాల. సర్వర్, డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్ మీద ఉండాల. డేటాబేసు పాస్‌వర్డు మీకు తెలియాల. ఈ మూడు ఉంటే ఇంకో కుర్రాడైనా అందుకుంటాడు.

చీమకుర్తి_స్లాబు
కోడు మా దగ్గరే ఉంది. సర్వర్ ఎవరి పేరు మీదుందో రేపే కనుక్కుంటా.

కావలి_మందులు
మెడికల్ ఏజెన్సీ వాళ్లను అడగండి, కావలి నుంచి ఒంగోలు దాకా చాలామంది మార్గ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఎందుకంటే బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ, పది కొంటే ఒకటి ఫ్రీ, ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి పంపడం, ఇవన్నీ అందులో పుట్టుకతోనే ఉంటాయి. మందులు చాలావరకు 12 నుంచి 5కి మారినప్పుడు కూడా అప్‌డేట్ వచ్చింది, స్టాకులో ఉన్న పాత ఎమ్మార్పీ సరుకు సంగతి చూసుకుంటే సరిపోయింది.

నా పద్ధతి ఒక్కటే. మీ లైనులోనే, మీకంటే రెండింతలు పెద్ద వ్యాపారం చేసేవాడు ఏం వాడుతున్నాడో చూడండి. పక్క జిల్లా మనిషైతే పోటీ అనుకోడు, చూపిస్తాడు. పైపుల కంపెనీ డీలర్ల మీటింగు పెడితే భోజనాల దగ్గర అడగండి. సైట్లలో నక్షత్రాలు చూసేకంటే ఆ పది నిమిషాలు మేలు.

చెన్నై_నుంచి_వచ్చేశా
నక్షత్రాల మాట వచ్చింది కాబట్టి చెప్తా. చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌లో కొన్నేళ్లు పనిచేసి ఒంగోలు తిరిగొచ్చా.

పోల్చి చూపించే సైట్లు బతికేది మీ దగ్గర డబ్బుతో కాదు, కంపెనీల దగ్గర డబ్బుతో. కాప్టెరా లాంటి వాటిలో క్లిక్కుకు ఇంత అని కంపెనీ కడతాది, ఎక్కువ కట్టినోళ్లు పైన కనపడతారు. కొన్ని సైట్లు మీరు నింపిన ఫారాన్ని లీడుగా, అంటే కొనేటట్టున్న మనిషి వివరంగా, కంపెనీలకు అమ్ముతాయి, అదే ఒక్కోసారి నలుగురైదుగురికి పోతాది. పైపులక్క ఫోను మోగేది అందుకే. రివ్యూలు రాసినోళ్లకు గిఫ్టు కార్డులు ఇవ్వడం కూడా ఉంది. అలా రాసిన రివ్యూ కింద ఆ సంగతి చిన్న అక్షరాల్లో వేస్తారు, చూసుకోండి.

అయినా ఆ సైట్లు పనికిరావని అనను. వాడే తీరు ఉంది:

ఐదు నక్షత్రాలవీ, ఒక నక్షత్రంవీ వదిలేసి మూడు నక్షత్రాల రివ్యూలు చదవండి. అక్కడే అసలు వాడేవాళ్లు "ఇది బాగుంది కానీ రిటర్న్ బిల్లు కొడితే స్టాకు తప్పుతాది" అని రాస్తారు. ఇండియాలో వాడినోళ్లవే చూడండి, అమెరికా వాడికి జీఎస్టీ బాధ తెలియదు. మీలా పదిమంది లోపు ఉన్న కంపెనీ రాసిందా అని చూడండి. ఫారం నింపాల్సి వస్తే షాపు నంబరు ఇవ్వకుండా ఇంకో నంబరు ఇవ్వండి.

సేల్స్ మనిషిని ఒక్కటి అడగండి: "నెల్లూరు జిల్లాలో, పైపుల వ్యాపారంలో, రెండేళ్లుగా వాడుతున్న ముగ్గురి పేర్లు ఇస్తారా?" నేను ఆ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న అడిగిన కస్టమరు దగ్గర ఆఫర్ గీఫర్ మాటలు పనిచేసేవి కావు. ఈ రోజు వరకే అన్న ఆఫరు నెలాఖరుకు మళ్లీ వస్తాది, మార్చి నెలాఖరుకు ఇంకా తగ్గుతాది. తొందరపడే పనే లేదు.

పైపులక్క
@చెన్నై_నుంచి_వచ్చేశా చాలా చాలా ఉపయోగం అన్నా. ముగ్గురి పేర్లు అడిగితే ఇద్దరు సేల్స్ వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. ఒకరు మాత్రం గూడూరు, తిరుపతి డీలర్ల నంబర్లు ఇచ్చారు.

మొలగొలుకులు
అందరూ కొనమంటున్నారు. నేను వద్దంటా. మాది రైస్ మిల్లు. వేబ్రిడ్జి కాటా చీటీలు, ధాన్యం కొన్న లెక్క, బియ్యం అమ్మిన లెక్క, అన్నీ ఎక్సెల్లో నడిపించా, ఇప్పుడు గూగుల్ షీట్స్. మనవడు నేర్పించాడు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం వేశారు గదా, 26 కిలోల బస్తాలకు మారినప్పుడు షీట్లో ఒక కాలమ్ చేర్చుకున్నా, ఐదు నిమిషాల పని. సాఫ్ట్‌వేర్ వాడినోళ్లు కంపెనీకి ఫోన్లు చేసుకుంటా కూర్చున్నారు. చిన్న కంపెనీకి షీట్లు చాలు.

దర్గామిట్ట_లెక్కలు
మొలగొలుకులు అన్నా, మీకు జరిగింది సంతోషమే. కానీ ఆడిటర్ ఆఫీసులో మా పరిస్థితి వినండి. షీట్లలో లెక్కలు తెచ్చేవాళ్ల దగ్గర ఒకే పార్టీ పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంటాది, మధ్యలో ఒక వరుస ఎవరో తెలియక చెరిపేస్తారు, ఎవరు చెరిపారో తెలియదు. బిల్లులు తక్కువైతే ఫరవాలేదు. రోజుకు యాభై బిల్లులు కొట్టే హోల్‌సేలుకు షీట్లు సరిపోవు.

పైపులక్కా, ఆడిటర్ వైపు నుంచి మీకు కొన్ని విషయాలు.

మీ టర్నోవరు ఎంతో చెప్పలేదు. 2017-18 నుంచి ఏ ఒక్క సంవత్సరంలో అయినా 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును సర్కారు పోర్టల్లో నమోదు చేయడం) తప్పనిసరి, 2023 ఆగస్టు 1 నుంచి ఆ రూలు ఉంది. ఒకసారి దాటితే తర్వాత తగ్గినా వదలదు. పాన్ మీద అన్ని బ్రాంచీలదీ కలిపి చూస్తారు. ఐఆర్ఎన్, అంటే ఆ పోర్టలు ఇచ్చే నంబరు, లేని బిల్లు చెల్లదు, మీ దగ్గర కొన్న షాపువాళ్ల పన్ను క్రెడిట్‌కు తంటా వస్తాది. దాటేటట్టుంటే బిల్లు కొట్టిన స్క్రీను మీద నుంచే ఐఆర్ఎన్, క్యూఆర్ వచ్చే సాఫ్ట్‌వేరే చూడండి. 50 వేలు దాటిన సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు కూడా అక్కడి నుంచే వస్తే గుమాస్తా ఒకే వివరం రెండుసార్లు కొట్టే పని తప్పుతాది.

మీరు కొనే ఫిట్టింగులు చిన్న తయారీదారుల దగ్గరైతే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని ఉన్న బాకీల రూలు చూసుకోవాల. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాల. ఆ గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి కూడా కట్టకుండా ఉంటే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. అందుకని సప్లయర్ దగ్గర ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ నంబరు), గడువు తేదీ పెట్టుకునే వీలు ఉందా అని అడగండి.

ఎడిట్ లాగ్ (లెక్కల్లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే చిట్టా) గురించి సేల్స్ వాళ్లు భయపెడతారు. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది కంపెనీల చట్టం కింద ఉన్న కంపెనీలకు. మీది ప్రొప్రయిటరో భాగస్వామ్యమో అయితే ఆ రూలు మీకు లేదు. ఉంటే మంచిదే, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు.

పైపులక్క
నాలుగు కోట్లు దాటింది అక్కా. వచ్చే ఏడాది ఐదు దాటేటట్టే ఉంది. ఇది ముందే తెలిసింది, మేలు చేశారు.

మొలగొలుకులు
మూడు స్పెల్లింగుల సంగతి ఒప్పుకుంటా. డ్రాప్‌డౌన్ పెట్టుకుంటే రాదు.

ఒంగోలు_కర్నూలు_రోడ్డు
క్లౌడ్ (నెట్టు మీద నడిచే సాఫ్ట్‌వేర్) గురించి ఎవరూ మాట్లాడలేదు. మేం జోహో బుక్స్ వాడుతున్నాం. లైను మీద తిరిగే కుర్రాడు దర్శిలో నిలబడి ఫోన్లో పార్టీ బాకీ చూసుకుంటాడు. బిల్లు పీడీఎఫ్ వాట్సాప్‌లో పోతుంది. నేను ఊరికి పోయినా అమ్మకం ఎంతైందో తెలుస్తుంది. షాపులో ఒక కంప్యూటరు ముందు కూర్చుంటేనే లెక్క తెలిసే రోజులు పోయాయి.

టాలీ_మామ
నెట్టు పోతే? కరెంటు పోతే? ఏటా కట్టడం ఆపితే నీ లెక్కలు నీకు కనపడతాయా? టాలీ ఒకసారి కొంటే రెన్యువల్ కట్టకపోయినా తెరుచుకుంటాది, బిల్లు కొట్టుకోవచ్చు. కొత్త అప్‌డేట్లు, ఆన్‌లైను పనులు ఆగుతాయి అంతే.

ఒంగోలు_కర్నూలు_రోడ్డు
నెట్టు పోతే ఫోన్ హాట్‌స్పాట్. కట్టడం ఆపితే ఏమవుతుంది అన్నది మాత్రం మంచి ప్రశ్న. చేరకముందే అడిగి తెలుసుకున్నాం. మూడు నెలలకోసారి అన్ని పట్టికలూ ఎక్సెల్లో దించి హార్డ్ డిస్కులో పెడుతున్నాం. ఒక్క హెచ్చరిక: ధర యూజర్ల లెక్కన పెరుగుతుంది. ఇద్దరికి చవక అనిపించింది ఆరుగురికి అట్లా ఉండదు. మూడేళ్లకు మొత్తం ఎంతవుతుందో కాగితం మీద వేసుకుని పోల్చండి, మొదటి ఏడాది ధరతో పోల్చకండి.

పెన్నా_అవతల
కోవూరు నుంచి. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయినాయి, హైవే తెగింది. మా షాపులో నడుం లోతు నీళ్లు. కంప్యూటరు మునిగిపోయింది. అంతకుముందు రాత్రి తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఇంటికి తీసుకుపోయినాడు, అదే మమ్మల్ని నిలబెట్టింది. బాకీలు ఎవరెవరు ఎంతో ఆ పెన్‌డ్రైవ్ లేకపోతే చెప్పేవాళ్లే లేరు. టాలీయో క్లౌడో మీ ఇష్టం, లెక్కల కాపీ ఒకటి షాపు బయట ఉండాల. ఇది అడక్కుండా సాఫ్ట్‌వేర్ కొనబాకండి.

టాలీ_మామ
ఈ మాటకు నా ఓటు కూడా. రోజూ సాయంత్రం బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో పెట్టించుకోండి.

సింగరాయకొండ_సీను
క్రాక్ కాపీలు పెట్టే కుర్రాళ్లు ఇంకా తిరుగుతున్నారు. ఐదొందలకు పెడతారు. అందులో వైరస్ వచ్చి ఫైళ్లన్నీ తాళం పడిపోయిన షాపు మా వీధిలోనే ఉంది. ఐదొందలు మిగులుద్దని పోబాకండి.

కందుకూరు_కోడర్
ఇంకో దారి కూడా ఉంది. ఈఆర్‌పీనెక్స్ట్ అని ముంబై వాళ్లది, ఓడూ అని బెల్జియం వాళ్లది. మొదటిది పూర్తిగా ఓపెన్ సోర్స్ (కోడు ఎవరైనా తీసుకొని వాడుకోవచ్చు), రెండోదాని కమ్యూనిటీ ఎడిషన్ ఓపెన్ సోర్స్. లైసెన్సు డబ్బు లేదు. స్టాకు, కొనుగోలు, అమ్మకం ఉంటాయి.

దర్గామిట్ట_లెక్కలు
తమ్ముడూ, పైపులక్కకు దాన్ని పెట్టమంటావా?

కందుకూరు_కోడర్
పెట్టమనను. లైసెన్సు ఉచితమే కానీ సర్వర్ చూసుకునే మనిషి కావాల, ఆ ఖర్చు చిన్నది కాదు. ముప్పై నలభై మంది పనిచేసే ఫ్యాక్టరీ అయితే చూడొచ్చు. తెలిసి ఉంటే మంచిదని చెప్పినా.

పైపులక్క
నోటుపుస్తకం రాయించినా. నాన్నకు మొదట నచ్చలేదు, రెండో రోజు నుంచి ఆయనే రాయడం మొదలుపెట్టాడు.

నేననుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి. జీఎస్టీ రేట్ల తలనొప్పే పెద్దదనుకున్నా. పుస్తకంలో అది అంతంత మాత్రమే. పేజీల నిండా ఉండేది రెండే. లైను మీద నుంచి ఫోన్ చేసి "ఈ పార్టీ బాకీ ఎంత, సరుకు ఇయ్యొచ్చా?" అని అడగడం. రెండోది "63 మిల్లీమీటర్ల పైపు ఆరు కిలోల ప్రెషరుది ఉందా, నాలుగు కిలోలదేనా?" అని గోడౌనుకు కేకేయడం. ఆ రెండింటికీ గుమాస్తా బిల్లు ఆపి లేవాల. రిటర్నులు కూడా ఎక్కువే, డ్రిప్పు లేటరల్ (సన్న పైపు) చుట్టలు సగం వాడి సగం వెనక్కి పంపిస్తారు.

అంటే నాక్కావాల్సింది ఫోన్లో బాకీ, ఫోన్లో స్టాకు. మిగతాది దాని తర్వాత. ఇప్పుడు ఇద్దరినే డెమోకు పిలిచినా. ఏం అడగాల?

కందుకూరు_కోడర్
డెమో వాళ్ల డేటాతో చూడొద్దు, మీ బిల్లులతో చూడండి. పోయిన నెలలో మీ గుమాస్తాను ఎక్కువ ఏడిపించిన ఐదు బిల్లులు తీయండి. నేనైతే ఇట్టా తీస్తా: 5 శాతం డ్రిప్పు, 18 శాతం పైపు కలిసిన బిల్లు, దాని మీద లారీ బాడుగ. పది కొంటే ఒకటి ఉచితం స్కీము. సగం చుట్ట వెనక్కి వచ్చిన రిటర్ను, అదీ రేట్లు మారకముందు అమ్మింది, అంటే 12 శాతంతోనే క్రెడిట్ నోటు (వెనక్కి వచ్చిన సరుకు మొత్తం తగ్గించే చీటీ) రావాల. మూడు బిల్లుల బాకీ ఉన్న పార్టీ పదివేలు రౌండుగా ఇచ్చి పోతే ఏ బిల్లుకు ఎంత పోయిందో చూపించాల. పైపు పొడవుల్లో కొని మీటర్లలో అమ్మినది.

ఇవి మీ ఎదురుగా కొట్టమనండి, మీ గుమాస్తా చేత కొట్టించండి. సేల్స్ మనిషి చేతికి కీబోర్డు ఇయ్యబాకండి. రిటర్ను దగ్గర, రౌండు మొత్తం దగ్గర సగం సాఫ్ట్‌వేర్లు నిలబడవు.

గుంటగట్టు
గుమాస్తా మాట వచ్చింది కాబట్టి. మా ఆయన ఇరవై ఏళ్లుగా కీబోర్డుతోనే బిల్లు కొడతాడు, మౌసు ముట్టడు. ఒక యాప్‌లో ప్రతి లైనుకూ మౌసు నొక్కాల్సి వచ్చింది. హార్వెస్టు రోజుల్లో క్యూ కట్టిన రైతుల ముందు ఆయన చేతులు వణికినాయి. అంతకంటే తక్కువ ఫీచర్లున్నదే తీసుకున్నాం, ఆయన వేళ్లకు నచ్చింది కాబట్టి. వాడే మనిషి ఒప్పుకోనిదాన్ని ఎంత మంచిదైనా తేబాకండి. మూలన పడేస్తారు.

మైపాడు_గేటు
లైను కుర్రాళ్ల సంగతి కూడా చూడండక్కా. మా వాళ్లకు ఇంగ్లీషు స్క్రీను అంటే భయం. తెలుగులో పెట్టినాక వాళ్లే మాకు చెప్తున్నారు ఎవరి బాకీ ఎక్కువైందో. తెలుగు ఉందంటే నమ్మి వదిలేయబాకండి, బిల్లు ప్రింటు తీయించి చూడండి. కొన్నిట్లో ఒత్తులు విడిపోయి పడతాయి, "ఆత్మకూరు" అన్నది చదవలేం.

పైపులక్క
మంచి మాట చెప్పినావు. మా పాత ప్రోగ్రాంలో పార్టీల పేర్లు తెలుగులోనే ఉండాయి, అను ఫాంటు. అవి కొత్తదాంట్లోకి వస్తాయా?

మైపాడు_గేటు
నేరుగా రావు. అను ఫాంటులో కొట్టింది లోపల ఇంగ్లీషు అక్షరాలుగా ఉంటాది, కొత్తదాంట్లోకి ఎక్కిస్తే పిచ్చి గుర్తులు కనపడతాయి. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చినాక ఒక మనిషి కూర్చొని ప్రతి పేరూ చదవాల. సంయుక్తాక్షరాల దగ్గర తేడా వస్తాది.

కావలి_మందులు
పేర్లు మార్చేటప్పుడే ఫోన్ నంబరు, జీఎస్టీ నంబరు సరిచూసుకోండి. చచ్చిపోయిన పార్టీలు, షాపు ఎత్తేసిన పార్టీలు కొత్తదాంట్లోకి తేబాకండి.

చెన్నై_నుంచి_వచ్చేశా
డెమోలో ఇంకొకటి అడగండి: "రేపు నేను మానుకుంటే నా డేటా ఏ రూపంలో ఇస్తారు?" ఎక్సెల్ ఇస్తాం అంటారు. అక్కడికక్కడే దించి చూపించమనండి. పార్టీల జాబితా ఒకటే వస్తే చాలదు, బిల్లు బిల్లుకూ ఏ ఐటమ్, ఎంత, ఏ రేటు అని వరుసలు రావాల. ఆ ఫైలు మీ ఈమెయిలుకు వచ్చినాకే అడ్వాన్సు.

పైపులక్క
ఇద్దరి డెమోలు అయినాయి. ఐదు బిల్లులూ మా గుమాస్తా కొట్టాడు. ఒకటి క్రెడిట్ నోటు దగ్గర 12 శాతం పెట్టనీయలేదు, "ఇప్పుడు ఆ రేటు లేదు సార్" అన్నాడు వచ్చినతను. అమ్మింది ఆగస్టులో అన్నా, అర్థం చేసుకోలేదు. రెండోదాంట్లో అసలు బిల్లు నంబరు ఎంచుకోంగానే ఆ రేటే వచ్చింది. లైను కుర్రాడు ఫోన్లో బాకీ చూసి నాన్నకు చూపించినాడు. నాన్న ఇంకేం మాట్లాడలేదు, ఎంత అని అడిగాడు. యూజర్ల లెక్కన మూడేళ్ల ఖర్చు వేసి ఇచ్చినా.

టాలీ_మామ
ఏది తీసుకున్నావో చెప్పు తల్లీ.

పైపులక్క
ఇంకా సంతకం పెట్టలేదు మామా, గూడూరు డీలరు షాపుకు పోయి చూసినాక. ఒక్క అనుమానం మిగిలింది. ఇప్పుడే మారాలా, ఏప్రిల్ 1 దాకా ఆగాలా?

దర్గామిట్ట_లెక్కలు
ఏప్రిల్ 1 మంచిది. ముగింపు నిల్వలు, స్టాకు విలువ ఎటూ ఆ రోజుకు తేల్చాల. బిల్లు నంబర్ల కొత్త సిరీస్ కూడా అప్పుడే మొదలవుతాది, నంబరు 16 అక్షరాలు దాటకుండా చూసుకోండి. మార్చి నెల మొత్తం రెండింట్లోనూ కొట్టమని గుమాస్తాను చంపబాకండి, చివరి వారం బిల్లులు కొన్ని అలవాటుకు కొట్టిస్తే చాలు.

బాకీలు ఎక్కించేటప్పుడు పార్టీకి ఒక మొత్తం అని వేయబాకండి. ఏ బిల్లు తాలూకు ఎంత, ఏ తేదీది అని బిల్లు వారీగా ఎక్కించండి, లేకపోతే లైను కుర్రాడికి ఫోన్లో కనపడే బాకీకి అర్థం ఉండదు. మార్చి 31 రాత్రి గోడౌను లెక్క పెట్టించండి, కంప్యూటర్లో ఉన్న స్టాకును ఎక్కించబాకండి.

పాత కంప్యూటరు అమ్మేయబాకండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు జీఎస్టీ లెక్కలు ఉంచాల. లెడ్జర్లు, సేల్స్ రిజిస్టరు అన్నీ పీడీఎఫ్ తీసి రెండు చోట్ల పెట్టండి, ఒక కాపీ మాకు పంపండి.

పైపులక్క
పీడీఎఫ్‌లు తీయడం ఈ శనివారం నుంచే మొదలుపెడతాం అక్కా. 2017-18 నుంచి ఏడాదికొక ఫోల్డరు పెట్టి మీకు పంపిస్తా.